నిదానంగా వెళ్ళే నీలం కారు

జపాను ఉత్తరాన బియెయ్ ఊరి నుంచి కొండల మీది బడులకు పోయే రోడ్డు మీద, ఆ చలికాలం మొదలైనప్పటి నుంచి యూసాకు రోజూ చూస్తున్నది ఒక్కటే. ఒక నీలం కారు వెనకభాగం.

మామూలు కారయితే అతనికి అంత మండేది కాదు. అది రేసుల కోసమే పుట్టినట్టుండే సెడాన్. డిక్కీ మీద ఈ చివరి నుంచి ఆ చివరికి పెద్ద రెక్క. బానెట్ మీద గాలి పీల్చుకోవడానికి నోరు తెరిచినట్టున్న రంధ్రం. బంగారు రంగు చక్రాలు. వెనక నాలుగు పొగగొట్టాలు. లోపల టర్బో ఇంజను, నాలుగు చక్రాలకూ శక్తి. అలాంటి కారు ముసలమ్మ గుడికి నడిచినట్టు పోయేది.

యూసాకు నడిపేది పిన్ని బేకరీ వ్యాను. వెనక పెట్టెల నిండా వేడి వేడి బ్రెడ్డు, బన్నులు. అవన్నీ బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి. ఆలస్యమైతే పిల్లలు ఊరుకుంటారు, బడిలో వంట చూసే ఆవిడ ఊరుకోదు.

"రోజూ ఆవిడ కరెక్టుగా నా ముందుకే వస్తుంది పిన్నీ. కావాలనే."

"ఆ అమ్మాయి బయల్దేరాక నువ్వు బయల్దేరుతున్నావు. ఇంకాస్త ముందు నిద్ర లేస్తే నువ్వే ఆవిడ ముందుంటావు" అంది ఫుసాయె పిన్ని, పిండి చేతులు దులుపుకుంటూ.

యూసాకుది దక్షిణాన మియజాకి. అక్కడ మంచు టీవీలో పడుతుంది. బాబాయికి నడుము ఆపరేషన్ అయితే, చలికాలం సాయంగా ఉండి పోదామని వచ్చాడు. ఏప్రిల్‌లో తిరిగి వెళ్ళి, ఒక హోటల్ బేకరీలో చేరాలి. ఈలోగా మంచు మీద వ్యాను నడపడం తనకు బాగానే వచ్చేసిందని అతని నమ్మకం.

డిసెంబరులో ఒక ఉదయం, రోడ్డు తిన్నగా కనబడింది. ఎదురుగా ఎవరూ లేరు. యూసాకు యాక్సిలరేటరు తొక్కి నీలం కారును దాటేశాడు. దాటుతూ పక్కకు చూశాడు. గుండ్రటి ఉన్ని టోపీ పెట్టుకున్న అమ్మాయి, స్టీరింగ్ రెండు చేతులతో పట్టుకుని, అతని వైపు జాలిగా చూసింది.

ఆ చూపుకి అర్థం మలుపు దగ్గర తెలిసింది. బ్రేకు తొక్కాడు. వ్యాను పట్టించుకోలేదు. అద్దంలా మెరుస్తున్న మంచుగడ్డ మీద అలాగే జారుకుంటూ, ఏ తొందరా లేకుండా, రోడ్డు పక్క మంచుగట్టులోకి ముక్కు దూర్చి ఆగింది. ముందు చక్రం ఒకటి కాలువలోకి దిగిపోయింది.

నీలం కారు వెనకగా వచ్చి, లైట్లు టకటక వెలిగించి, మెల్లగా ఆగింది. ఆ అమ్మాయి దిగి, డిక్కీలోంచి పార తీసుకుని నడిచి వచ్చింది. నడకలోనూ తొందర లేదు.

"దెబ్బలేమైనా తగిలాయా?"

"లేదండీ."

"బ్రెడ్డుకి?"

యూసాకు వెనక్కి తిరిగి చూశాడు. "దానికీ లేదు."

"అయితే ఏం కాలేదన్నమాట." ఆమె వంగి చక్రం చూసింది. "ఇది నేను లాగినా రాదు. కాలువలోకి దిగి వంకరపోయింది."

"నాదీ ఫోర్ వీల్ డ్రైవే" అన్నాడు యూసాకు. ఎందుకన్నాడో అతనికే తెలియదు.

"తెలుస్తోంది. అది కదలడానికి పనికొస్తుందండీ. కొండెక్కడానికి పనికొస్తుంది. ఆగడానికి మాత్రం మీకూ నాకూ సైకిలు తొక్కే పిల్లాడికీ ఒకటే మంచు." ఆమె టోపీ సర్దుకుంది. "నా పేరు మియోరి. ఈ కొండల మీద ఇళ్ళకీ బడులకీ తిరిగి పియానోలు శ్రుతి చేస్తాను. మీ పెట్టెలు నా కార్లో పడతాయేమో చూద్దాం రండి."

పడ్డాయి. వెనక సీటంతా కప్పు దాకా బ్రెడ్డు పెట్టెలే. డిక్కీలో మిగిలినవి. పియానో పనిముట్ల తోలుపెట్టె యూసాకు ఒళ్ళోకి వచ్చింది. అద్దాలకు ఆవిరి పట్టింది. కారంతా వెన్న వాసన.

కారు కదిలింది. ఇంజను లోపల ఎక్కడో గొంతు సవరించుకుంటున్నట్టు గుర్రుమంది. అంతే, మళ్ళీ అదే ముసలమ్మ నడక.

కాసేపు ఓపిక పట్టి యూసాకు అడిగాడు. "ఈ పనిముట్లు కుదుపులకి పాడవుతాయా?"

"అవ్వవు."

"మరి ఇంత నిదానం దేనికి?"

"నేను పాడవుతాను" అంది మియోరి.

అతనికి నవ్వొచ్చింది. ఆపుకున్నాడు. ఆపుకోవడం ఆమె చూసింది.

*

వ్యానును మియోరి నాన్న షిగెనోబు తన పెట్రోలు బంకుకు లాక్కొచ్చాడు. బంకు వెనక షెడ్డులో ఆయనే రిపేర్లు చేస్తాడు. కింద దూరి చూసి, పైకి లేచి, నడుం పట్టుకుని చెప్పాడు.

"పార్టు రావాలి. కొత్త సంవత్సరం పోయాకే. ఫిబ్రవరి అనుకో."

"అన్నాళ్ళు బ్రెడ్డు ఎలా పంపడం?" అంది ఫుసాయె పిన్ని. తరువాత మియోరి వైపు తిరిగింది. "అమ్మాయ్, నువ్వు రోజూ ఆ దారినే పోతావుగా?"

"పోతాను పిన్నిగారూ."

"పెట్టెలు మోయడానికి మావాడు వస్తాడు. నీ పొద్దుటి టిఫిను నాది. ఎర్ర బీన్స్ బన్ను ఇష్టమా, మెలోన్ బన్ను ఇష్టమా?"

"రెండూ."

"అదీ మాట."

షిగెనోబు నీలం కారు వైపు చూసి నిట్టూర్చాడు. "దీన్ని చూసి ఎంతమంది పారిపోయారో నీకు తెలుసా అబ్బాయ్? ముగ్గురు పెళ్ళికొడుకులు. ఒకళ్ళమ్మ అడిగింది, మీ అమ్మాయి రాత్రిళ్ళు రేసులకి పోతుందా అని. మా అమ్మాయి ఊళ్ళో అందరికంటే నెమ్మదిగా నడుపుతుందని చెప్తే నమ్మదే."

"నాన్నా, ఆయన బ్రెడ్డు కోసం వచ్చారు. పెళ్ళికి కాదు."

"చెప్తే తప్పేముంది" అన్నాడు షిగెనోబు, పాత గుడ్డతో చేతులు తుడుచుకుంటూ.

*

అలా మొదలైంది. తెల్లారి బేకరీ ముందు నీలం కారు ఆగేది. రాత్రి పడిన మంచు వెనక రెక్క మీద తెల్లటి కేకులా నిలబడి ఉండేది. బానెట్ మీది రంధ్రంలో కూడా మంచు కూరుకుపోయేది. దాన్ని వేళ్ళతో తీయడం యూసాకు పని. బదులుగా ఆమె అతని సీటు కింద హీటరు ముందే వేసి ఉంచేది.

కొండ మీది చిన్నబడి పిల్లలు ఆ కారుకు నీలి తిమింగలం అని పేరు పెట్టారు. అది వస్తుంటే కిటికీలకు ముక్కులు ఆనించి నిలబడేవారు. మియోరి వాళ్ళ కోసం గేటు దగ్గర ఒక్కసారి ఇంజను గుర్రుమనిపించేది. అదొక్కటే ఆమె చేసే అల్లరి.

"ఒకటి అడగనా?" అన్నాడు యూసాకు ఒకరోజు. "మంచులో తిరగడానికి ఎత్తుగా పెట్టెలా ఉండే బళ్ళు బోలెడున్నాయి. పనిముట్లకి చోటు కూడా ఎక్కువ. ఇదే ఎందుకు? అడుగు నేలకి తగులుతుంది. మంచు లోతుగా ఉంటే ముక్కుతో తవ్వుకుంటూ పోవాలి. గేర్లు చేత్తో వేసుకోవాలి. పెట్రోలు తాగుతుంది."

"మా నాన్న మాట్లాడినట్టే మాట్లాడుతున్నారు."

"చెప్పండి."

మియోరి గేరు తగ్గించింది. కారు మలుపులోకి మెత్తగా దిగింది.

"మొదట్లో నాకు చిన్న కారు ఉండేది. ఒకసారి తుపానులో కొండ మీద ఇరుక్కుపోయాను. ముందు చక్రాలు తిరుగుతున్నాయి, కారు కదలదు. అక్కడొక పెద్దాయన ఇంట్లో పియానో. భార్య పోయాక ఆయన దాన్ని ముట్టుకోలేదు. మనవరాలు వస్తోందని శ్రుతి చెయ్యమన్నారు. నేను వెళ్ళలేకపోయాను. మనవరాలు వచ్చింది, పలకని పియానో చూసి వెళ్ళిపోయింది. ఇంకెప్పుడూ రాలేనని ఎవరికీ చెప్పకూడదనుకున్నాను."

"సరే. అది నాలుగు చక్రాలకి కారణం. టర్బోకి?"

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "అది బాగుంది, అంతే. షోరూమ్ బయట పాతకార్ల వరసలో నిలబడి ఉంది. చూశాను. కొన్నాను. అన్నిటికీ కారణం ఉండాలా?"

"అక్కర్లేదు" అన్నాడు యూసాకు. అప్పటికే అతనికి కారణం చెప్పలేని విషయం ఒకటి మొదలైంది.

జనవరిలో ఆమె అతనికి మంచు మీద నడపడం నేర్పింది. చక్కెర దుంపలు పోసే పెద్ద మైదానం చలికాలం ఖాళీగా ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నం అక్కడ అతన్ని స్టీరింగ్ ముందు కూర్చోబెట్టింది.

"బ్రేకు తొక్కకండి. కాలు తీసేయండి. జారుతోందా? జారనివ్వండి. ఎటు వెళ్ళాలో అటు చూడండి. చూపు ఎటుంటే చేతులు అటు తిప్పుతాయి."

కారు మెల్లగా తిరగసాగింది. మంచు పొడి గాలిలోకి లేచింది. ఎండలో అది మెరుస్తుంటే, ఆ మెరుపులో మియోరి కనురెప్పలు కూడా మెరిశాయి. మరుక్షణం కారు వెళ్ళి ఎడమవైపు మంచుగోడలో మెత్తగా కూర్చుంది. జపానులోనూ స్టీరింగ్ కుడివైపే. ఎడమవైపు కూర్చున్నది మియోరి.

ఆమె కిటికీ నిండా మంచు. 

"ఎటు చూశారు?" అంది మియోరి.

"రోడ్డు వైపు."

"రోడ్డు అటుంది."

"అలాగా."

ఆమె ముఖం తిప్పుకుని, తెల్లటి కిటికీకేసి చూస్తూ చాలాసేపు కూర్చుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని అతను భయపడ్డాడు. నవ్వుతోంది.

తవ్వి బయటికి తీసేసరికి చేతులు మొద్దుబారాయి. దారిలో నాణేలు వేస్తే సరుకిచ్చే మెషీన్లో వేడి కాఫీ డబ్బాలు రెండు కొని, ఒకటి ఆమెకిచ్చాడు. ఆమె దాన్ని తాగకుండా బుగ్గకు ఆనించుకుంది. "ఇకనుంచి నువ్వు అను. మీరు అంటుంటే మా హెడ్మాస్టరుతో మాట్లాడుతున్నట్టుంది" అంది.

"నువ్వూ అనాలి మరి."

"నేను నిన్నటి నుంచే మనసులో అంటున్నాను."

*

ఫిబ్రవరి వచ్చింది. ఒక ఉదయం యూసాకు కారెక్కి, పెట్టెలు సర్ది, బెల్టు పెట్టుకుని, గొంతు సవరించుకున్నాడు.

"ఒక మాట చెప్పాలి."

"నాదీ ఒక మాట ఉంది" అంది మియోరి. "ముందు నాది విను. లేకపోతే చెప్పలేను. ఒక సంబంధం వచ్చింది."

వైపర్లు అద్దం మీద అటూ ఇటూ తిరుగుతున్నాయి.

"అసాహికావాలో పళ్ళ డాక్టరట. పేరు అకినరి. అమ్మ స్నేహితురాలు తెచ్చింది. వచ్చే ఆదివారం వాళ్ళమ్మతో మా ఇంటికి వస్తున్నారు." ఆమె గేరు మార్చింది. "ఏమంటావ్?"

యూసాకు రోడ్డు పక్క వరసగా నిలబడ్డ, మంచులో రోడ్డు అంచు చూపించే బాణపు గుర్తుల స్తంభాలను చూస్తూ కూర్చున్నాడు. డాక్టరు. పక్క ఊరే. స్థిరమైన మనిషి. తను చలికాలం చుట్టంగా వచ్చినవాడు.

"మంచి సంబంధమే" అన్నాడు.

"అవునా."

"అనిపిస్తోంది."

"నీ మాట ఏమిటి?"

"ఏం లేదు. వ్యాను ఈ వారం రెడీ అవుతుందంటున్నారు మీ నాన్నగారు. అదే."

 ఆరోజు బడి గేటు దగ్గర పిల్లలు ఎదురుచూసినా తిమింగలం గుర్రుమనలేదు.

వ్యాను వచ్చేసింది. ఇక కలిసి వెళ్ళడానికి సాకు లేదు. యూసాకు పొద్దున్నే లేచి, ఆమె కంటే ముందే బయల్దేరేవాడు. ఇప్పుడు అతనూ అంతే నిదానంగా నడుపుతున్నాడు. అద్దంలో దూరంగా నీలం చుక్క కనబడేది. అది దగ్గరికి వచ్చేదీ కాదు, మాయమయ్యేదీ కాదు.

"మియోరికి పళ్ళు నొప్పా ఏమిటి, పళ్ళ డాక్టర్ని చేసుకోవడానికి?" అంది ఫుసాయె పిన్ని శనివారం.

"నాకేం తెలుసు పిన్నీ."

"నీకు తెలియకపోవడమే నాకు నొప్పిగా ఉంది" అందావిడ. "రేపు వాళ్ళింటికి స్ట్రాబెర్రీ కేకు పంపాలి. నువ్వే తీసుకుపో."

"బాబాయి..."

"నడుము" అని లోపలి నుంచి బాబాయి కేకేశాడు.

*

షిగెనోబు ఇల్లు బంకు వెనక వాలు మీద ఉంటుంది. శనివారం రాత్రంతా కురిసి, ఆదివారం ఉదయానికి తెరిపిచ్చింది. యూసాకు వ్యాను వాలు కింద ఆపి, కేకు పెట్టె తీసుకుని దిగబోయేసరికి, ముందు ఒక వెండిరంగు పెద్ద కారు కనబడింది. ఖరీదైనది. వెనక చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి. ముందుకు కదలడం లేదు.

పల్చటి నగరం బూట్లు వేసుకున్న సన్నటి మనిషి దిగి, చక్రాల వైపు అయోమయంగా చూస్తున్నాడు. లోపల పెద్దావిడ ముత్యాల దండ పట్టుకుని కూర్చుంది.

యూసాకు కేకు పెట్టె వ్యానులోనే ఉంచి, పార తీసుకున్నాడు.

"నమస్కారమండీ. తొక్కకండి. తొక్కేకొద్దీ లోతుకు పోతుంది."

"నేను అదే అనుకుంటున్నాను" అన్నాడు ఆ మనిషి. "అనుకుంటూనే తొక్కుతున్నాను. నా పేరు అకినరి."

అప్పుడు వాలు మీంచి గుర్రుమని శబ్దం. నీలం కారు మెల్లగా దిగి వచ్చి ఆగింది. తలుపు తెరుచుకుంది. లేత పచ్చ కిమోనో, కింద మోకాళ్ళ దాకా నల్ల రబ్బరు బూట్లు. మియోరి.

ఆమె యూసాకును చూసింది. చూసి, చూడనట్టు పెద్దావిడ వైపు తిరిగి వంగి నమస్కరించింది. "రండి ఆంటీ. నేను తీసుకెళ్తాను. సీటు కొంచెం కిందికి ఉంటుంది, చూసుకుని కూర్చోండి."

"నువ్వా అమ్మా నడుపుతున్నది? కిమోనోలోనా?"

"క్లచ్ నొక్కడానికి బూట్లు చాలండీ."

పెద్దావిడ ఎక్కింది. నీలం కారు అక్కడే వాలు మధ్యలో వెనక్కి తిరిగి, మంచు మీద, ఒక్క చక్రం కూడా జారకుండా బయల్దేరి పైకి వెళ్ళిపోయింది. ఇద్దరు మగాళ్ళూ నోరు తెరిచి చూశారు.

"అబ్బ" అన్నాడు అకినరి మెల్లగా. "చిన్నప్పటి నుంచి ఆ కారంటే నాకు పిచ్చి. అమ్మ కొననివ్వలేదు. మీరు ఎక్కారా దాంట్లో?"

"చలికాలం సగం అందులోనే తిరిగాను."

"ఎలా ఉంటుంది?"

యూసాకు పారతో మంచు తీస్తూ చెప్పాడు. "బయట నుంచి చూస్తే దూకుడనుకుంటారు. కాదు. చాలా నిదానం. ఎంత బలం ఉందో తనకు తెలుసు కాబట్టి చూపించాల్సిన పని లేదు. జారినా కంగారుపడదు. పక్కన ఉంటే మనకీ కంగారు పోతుంది. పొద్దున్నే చల్లగా ఉంటుంది, కాసేపు మాట్లాడదు. వేడెక్కాక నవ్వుతుంది. పిల్లల్ని చూస్తే మాత్రం ఆగలేదు, ఒక్కసారైనా..."

పార ఆగిపోయింది.

అకినరి చేతులు కోటు జేబుల్లో పెట్టుకుని అతన్నే చూస్తున్నాడు.

"మీరు చెబుతున్నది కారు గురించేనా?"

యూసాకు మళ్ళీ మంచు తీయడానికి వంగాడు. చెవులు మండుతున్నాయి. చలికి అని చెప్పుకోవచ్చు.

"ఆమెకి తెలుసా?" అన్నాడు అకినరి.

"తెలియదు. మీరు ఏమీ అనుకోకండి. నేను కేకు ఇచ్చి వెళ్ళిపోతాను."

"పెట్టె మీరే పట్టుకోండి. నా బూట్లతో ఈ వాలెక్కితే కేకు నేల పాలవుతుంది." అతను నవ్వాడు. మంచి నవ్వు. యూసాకుకు అతని మీద కోపం తెచ్చుకోవడం కూడా కుదరలేదు.

ఇంట్లో కిరసనాయిలు స్టవ్ వెచ్చగా మండుతోంది. పెద్దవాళ్ళు బల్ల చుట్టూ కూర్చున్నారు. యూసాకు కేకు పెట్టెతో వంటింటి గుమ్మంలో నిలబడిపోయాడు. దాన్ని తీసుకోవాల్సిన మియోరి అమ్మ తొమికో అది మర్చిపోయి, పెద్దావిడ ముఖంలోకే చూస్తోంది.

"మీ అమ్మాయి కారు ఉంది చూశారూ" అంది పెద్దావిడ.

షిగెనోబు తల దించుకున్నాడు. తొమికో టీ గిన్నె పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. నాలుగో పెళ్ళికొడుకు కూడా పోయాడని ఇద్దరికీ అర్థమైంది.

"అది అమ్మకండి" అంది పెద్దావిడ. "కొండెక్కుతుంటే నా నడుం నొప్పి నాకు గుర్తే రాలేదు. మావాడికి కూడా అలాంటిదే కొనిద్దును. తెలియక వద్దన్నాను."

తొమికో టీ గిన్నె కింద పెట్టింది. తరువాత షిగెనోబు ముఖం వికసించింది. "ఇంకేం. ఇంకేం మరి. ఇన్నాళ్ళూ ఆ కారే కదా అడ్డం."

అందరూ మియోరి వైపు తిరిగారు.

మియోరి కిమోనో అంచు సరిచేసుకుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఆమె గొంతు స్థిరంగానే వచ్చింది.

"నన్ను క్షమించండి ఆంటీ. ఇన్నాళ్ళూ నేను కారును అడ్డం పెట్టుకున్నాను. ఇష్టం లేని సంబంధం వస్తే, కారు వదలను అనేదాన్ని. వాళ్ళే పోయేవారు. మీరు కారును కూడా మెచ్చుకున్నారు. ఇక నాకు దాక్కోవడానికి చోటు లేదు." ఆమె తల ఎత్తింది. "నా మనసులో ఒకరున్నారు."

"ఎవరు?" అంది తొమికో.

"ఆయనకే ఇంకా చెప్పలేదమ్మా. ముందు ఆయనకి చెప్పాలి కదా."

అకినరి టీ గిన్నెలోకి చూస్తూ నవ్వుకున్నాడు. షిగెనోబు గది అంతా చూసి, స్టవ్ చూసి, చివరికి వంటింటి గుమ్మంలో కేకు పెట్టె పట్టుకుని కొయ్యబారిన మనిషిని చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఆ కేకు కింద పెట్టు అబ్బాయ్" అన్నాడు. "కరిగిపోతుంది."

*

వెండిరంగు కారును షిగెనోబు ట్రాక్టరుతో లాగి రోడ్డెక్కించాడు. చుట్టాలు వెళ్ళిపోయారు. వెళ్ళేముందు అకినరి, ఎండాకాలంలో ఒక్కసారి ఆ కారు నడపనిస్తారా అని అడిగి, మాట తీసుకుని వెళ్ళాడు.

యూసాకు వ్యాను వాలు కింద ఉంది. మియోరి అతని వెంట నడిచింది. కిమోనో మీద నాన్న పాత జాకెట్టు వేసుకుంది. మళ్ళీ మంచు మొదలైంది. పెద్ద పెద్ద తునకలు, తొందరలేని మంచు. అవి ఆమె జుట్టు మీద వాలి కరగకుండా అలాగే ఉన్నాయి.

"మంచి సంబంధమే అన్నావ్" అంది.

"అన్నాను."

"నిజంగా అనిపించిందా?"

"ఇవాళ ఆయన్ని చూశాక ఇంకా ఎక్కువ అనిపించింది. నేనే ఆడపిల్లనైతే చేసుకునేదాన్ని."

"యూసాకు."

"ఊఁ."

"ఆరోజు నువ్వు చెప్పబోయి ఆపేసిన మాట ఏమిటి? వ్యాను సంగతి కాదని నాకు తెలుసు."

అతను ఆగాడు. వాలు మధ్యలో, ఇద్దరి బూట్లూ మంచులో కూరుకుని.

"హోటలు వాళ్ళకి రానని చెప్పేశాను. ముందు రోజే ఫోను చేశాను. పిన్నికి కూడా చెప్పలేదు. మొదట నీకే చెబుదామని కారెక్కాను."

ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. "మరి చెప్పొచ్చు కదా."

"డాక్టరు వస్తున్నాడన్నావ్."

"నువ్వు వద్దంటావని చెప్పాను. మొద్దు మనిషీ. వద్దంటే చాలు, వాళ్ళని ఇవాళ రానిచ్చేదాన్ని కాదు."

"ఇప్పుడు అనొచ్చా?"

"ఇప్పుడు ఎవరూ లేరు వద్దనడానికి."

"అయితే వేరేది అంటాను." చెప్పడానికి ముందు అతను ఆమె జుట్టు మీది మంచు తునక ఒకటి వేలితో తీశాడు.  "నువ్వంటే నాకు చాలా ఇష్టం. చలికాలం చుట్టంగా వచ్చాను. ఇప్పుడు వెళ్ళబుద్ధి కావడం లేదు. కారణం అడగకు, ఒకటి కాదు."

 మియోరి ఒక అడుగు ముందుకు వేసి, నుదురు అతని కోటు మీద ఆనించింది. కోటు వెన్న వాసన వేస్తోంది.

"నాకూ" అంది ఆ కోటులోకే. తరువాత ఇంకా చిన్నగా, "రేపటి నుంచి నా కారెక్కు. వెన్న వాసన లేక అదేదో ఖాళీగా ఉంది."

పైన ఇంటి కిటికీలో తెర కదిలింది. ఇద్దరూ చూడలేదు.

*

ఆ తరువాత షిగెనోబు అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. తొమికో మాత్రం రోజూ బేకరీకి వచ్చి అక్కర్లేని బ్రెడ్డు కొనుక్కుపోయేది. యూసాకు ఎదురుపడితే షిగెనోబు పెట్రోలు కొట్టి, అద్దం తుడిచి, "జాగ్రత్త" అని ఊరుకునేవాడు. ఆయన మనసులో ఏముందో మియోరికీ అంతు చిక్కలేదు.

"కోపంగా ఉన్నారా?" అని అడిగేవాడు యూసాకు.

"కోపం అయితే మాట్లాడతారు. ఇదేదో వేరే" అనేది ఆమె.

ఏప్రిల్‌లో రోడ్డు నల్లగా బయటపడింది. కాలువల్లో నీళ్ళు పరుగెడుతున్నాయి. ఊరంతా బంకు ముందు వరస కట్టింది, చలికాలం టైర్లు తీయించుకుని ఎండాకాలం టైర్లు వేయించుకోవడానికి. ఆదివారం మధ్యాహ్నం చివరగా నీలం కారు షెడ్డులోకి వచ్చింది.

"అబ్బాయ్, ఇటురా" అన్నాడు షిగెనోబు. మియోరిని కాదు, పక్క సీట్లోంచి దిగుతున్న యూసాకును.

ఆయన కారును జాకీ మీదికి ఎత్తి, పానా అతని చేతికిచ్చి, తను స్టూలు మీద కూర్చున్నాడు. నట్లు ఎలా విప్పాలో చెప్పాడు. విప్పిన టైరు ఎక్కడిదో దాని మీద సుద్దతో ఎలా రాయాలో చెప్పాడు. యూసాకు రాశాడు. ముందు కుడి. ముందు ఎడమ. చెమట పట్టింది. మియోరి షెడ్డు గోడకు ఆనుకుని బన్ను తింటూ చూస్తోంది.

పాత టైర్లు నాలుగూ మూలన పేర్చాక షిగెనోబు వాటిని చేత్తో తడిమి చూశాడు.

"ఇంకో చలికాలం వస్తాయి ఇవి" అన్నాడు. "నవంబరులో మంచు పడకముందే ఎక్కించెయ్యాలి. నేనిక వంగలేను. ఆ నెలలో ఇక్కడ ఎవరైనా ఉండాలి."

యూసాకు పానా పట్టుకుని నిలబడ్డాడు. ఆ మాటకు అర్థం లోపలికి దిగడానికి కొంచెం సమయం పట్టింది. గోడ దగ్గర మియోరి నమలడం ఆపింది.

"ఉంటాను మావయ్యగారూ" అన్నాడు.

అన్నాక తెలిసింది ఏమన్నాడో. ఇన్నాళ్ళూ ఆయన్ని పేరు పెట్టి గారు అనేవాడు. ముఖమంతా ఎర్రబడింది.

షిగెనోబు స్టూలు మీంచి మెల్లగా లేచాడు. కూతురి వైపు ఒకసారి, అతని వైపు ఒకసారి చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"ముందు ఆ నట్లు గట్టిగా బిగించు" అన్నాడు. "అందులో కూర్చునేది మా అమ్మాయి."